మా అపార్ట్‌మెంట్‌లో ఛఠ్ పూజకి పిల్లల పూల్ అడుగుతున్నారు, అసలేంటీ పండగ?

మియాపూర్_మామూలోడు
22 అక్టోబర్ 2025, రాత్రి 10:15

అందరికీ నమస్తే. మా దగ్గర 120 ఫ్లాట్లు, అందులో ఓ ఏడెనిమిది బీహార్ ఫ్యామిలీలు. మా ఎదురు ఫ్లాట్ వాళ్ళూ అక్కడివాళ్ళే. వచ్చే సోమవారం సాయంత్రం ఓ గంట, మంగళవారం తెల్లారి ఓ గంట పిల్లల పూల్ వాడుకుంటాం, నీళ్ళలో నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టుకోవాలి అని అసోసియేషన్‌కి లెటర్ ఇచ్చారు. అంతే, వాట్సాప్ గ్రూపులో రెండ్రోజుల నుంచీ రచ్చ. ఒకాయన ఫిల్టర్ పాడైపోద్ది అంటాడు, ఇంకొకాయన మనం వాళ్ళ ఊరెళ్ళి బతుకమ్మ ఆడతామంటే ఒప్పుకుంటారా అంటాడు. నా ఖర్మకొద్దీ నేను కమిటీలో ఉన్నా, ఆదివారం మీటింగ్, ఏదో ఒకటి చెప్పాలి. నార్త్ వాళ్ళ పండగల్లో నాకు తెలిసింది జల్లెడలోంచి చంద్రుణ్ణి చూసేది ఒక్కటే. ఇది అదేనా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

చేగోడీ
రాత్రి 10:31

జల్లెడ బ్యాచ్ వేరు బ్రో. అది కర్వా చౌత్, అయిపోయి పన్నెండ్రోజులైంది. పంజాబ్, రాజస్థాన్, యూపీ వైపు మొగుడి కోసం చేసేది. ఇది ఛఠ్, బీహార్, జార్ఖండ్, తూర్పు యూపీ, అటు నేపాల్ తెరాయి వాళ్ళది. రెండూ ఒకటేగా అని లిఫ్ట్‌లో వాళ్ళ ముందు అనేవు, నిన్నెవడో మద్రాసీ అన్నప్పుడు నీకెంత కాలిందో వాళ్ళకీ అంతే కాలుద్ది.

పంచాంగం_తాతయ్య
రాత్రి 10:58

ఆ కర్వా చౌత్ కూడా మనకి మరీ పరాయిదేం కాదు నాయనా. దానికి ముందురోజే మన అట్లతద్ది. వాళ్ళది చవితి, మనది తదియ. కాకపోతే వాళ్ళు దాన్ని కార్తీక మాసం అంటారు, మనం ఆశ్వయుజం అంటాం, ఎందుకంటే అటువైపు నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. ఈ తేడా అంతా బహుళపక్షంలోనే, శుక్లపక్షంలో ఇద్దరికీ నెల పేరు ఒకటే. కాబట్టి ఛఠ్ ఎవరి లెక్కలో చూసినా కార్తీక శుద్ధ షష్ఠే. షష్ఠి అనే మాటే వాళ్ళ నోట్లో నలిగి ఛఠ్ అయింది. ఇంకో సంగతి, ఇది నాలుగు రోజుల వ్రతం, చవితినాడు మొదలవుతుంది. అంటే ఈ శనివారం మీరు నాగులచవితికి పుట్టలో పాలు పోసేటప్పటికి ఎదురింట్లో ఛఠ్ మొదలైపోయి ఉంటుంది.

మియాపూర్_మామూలోడు
రాత్రి 11:06

అవునా! మా ఆవిడ చిమ్మిలికి నువ్వులు కూడా తెప్పించింది. ఎదురింట్లోనేమో ఇవాళ పొద్దున్నుంచీ బాల్కనీ కడుగుతూనే ఉన్నారు, పైపు లీకైందేమో అనుకున్నా నేను.

మిథిలా_కోడలు
23 అక్టోబర్, ఉదయం 7:20

లీక్ కాదండీ, గోధుమల కోసం. మాది తెనాలి, నన్ను బీహార్‌లో దర్భంగా ఇచ్చి పదకొండేళ్ళు, అంటే నేనే చేసుకుని వెళ్ళాను లెండి, మా నాన్న ఇవ్వలేదు. ప్రసాదానికి వాడే గోధుమల్ని కడిగి ఎండలో ఆరబోస్తారు, అవి ఆరేదాకా పిచ్చుక ముక్కు పెట్టకూడదు, కాకి వాలకూడదు, పిల్లలు తొక్కకూడదు. మొదటి ఏడాది ఆ కాపలా డ్యూటీ నాకే వేశారు, మేడ మీద కర్ర పట్టుకుని కూర్చుని కొత్తకోడల్ని ఇలా వాడుకుంటున్నారేంట్రా అని ఏడుపొచ్చింది, తర్వాత తెలిసింది అది నమ్మకమున్న మనిషికే ఇచ్చే పనని.

నాలుగు రోజులు ఎలాగంటే, చవితినాడు నహాయ్-ఖాయ్, స్నానం చేసి ఒక్కపూట తినడం, అరవా బియ్యం (ఉప్పుడు బియ్యం కాదు, పచ్చిబియ్యం) అన్నం, శనగపప్పు, సొరకాయ, సైంధవ లవణంతో, ఉల్లి వెల్లుల్లి ఉండవు. దాన్ని వాళ్ళు కద్దూ-భాత్ అంటారు, నేను గుమ్మడికాయ తెచ్చి అభాసుపాలయ్యాను, అక్కడ కద్దూ అంటే సొరకాయ. పంచమినాడు ఖర్నా, పగలంతా ఉపవాసం, సాయంత్రం మామిడి కట్టెల మీద కొత్త మట్టిపొయ్యిలో బెల్లం పరమాన్నం, రొట్టె. వ్రతం చేసే మనిషి తలుపేసుకుని ఒక్కతే తింటుంది, ఆ టైములో ఎవరైనా పిలిచినా ఏదైనా చప్పుడైనా ఎక్కడికక్కడ ముద్ద ఆపేసి లేచిపోవాలి, అందుకని ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటాం, ఫోన్లు సైలెంట్, కుక్కర్ బంద్. ఆ ముద్ద తర్వాత ఇంక నీళ్ళు కూడా ఉండవు, 36 గంటలు. షష్ఠి సాయంత్రం మునిగే సూర్యుడికి, సప్తమి పొద్దున వచ్చే సూర్యుడికి అర్ఘ్యం, అప్పుడు అల్లం బెల్లం నోట్లో వేసుకుని విడుస్తారు.

పంతులు ఉండడు. మంత్రాలు లేవు, పాటలే మంత్రాలు. ఆడవాళ్ళే ఎక్కువ గానీ మగవాళ్ళూ చేస్తారు, మా మామగారు అత్తయ్య ఆపరేషన్ అయిన ఏడాది తనే చేశారు.

లాజిక్_లచ్చన్న
ఉదయం 9:02

36 గంటలు నీళ్ళు లేకుండా షుగర్ ఉన్న ముసలామెని నిలబెట్టడం సంస్కృతి అంటే నేను ఒప్పుకోను, సారీ. పైగా ఢిల్లీలో యమున నురగలో నిలబడి ఫొటోలు చూశాం కదా. మా చెరువు దగ్గర కూడా పోయిన ఏడాది డీజే పెట్టి చంపారు. ఉదయించే సూర్యుడికి అందరూ మొక్కుతారు, మునిగే సూర్యుడికి మొక్కేది మేమే అని ఫార్వర్డులొకటి.

పంచాంగం_తాతయ్య
ఉదయం 9:40

ఫార్వర్డు విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. సాయంసంధ్యలో అర్ఘ్యం ఇవ్వడం సంధ్యావందనంలో ఉన్నదే. కాకపోతే ఊరు ఊరంతా, కులంతో పనిలేకుండా, ఆడామగా ఒకే నీళ్ళలో దిగి ఇవ్వడం మాత్రం అక్కడే చూస్తాం. అది పెద్ద తేడానే.

మిథిలా_కోడలు
ఉదయం 10:15

లచ్చన్న గారూ, షుగర్ సంగతి నిజం, మా ఇంట్లో ఏటా గొడవ. అత్తయ్యకి మాత్రల టైము తప్పుతుంది, ఆవిడ వినదు. వ్రతాన్ని తర్వాతి తరానికి అప్పగించే పద్ధతి ఉంది, ఇంక నావల్ల కాదనుకున్నప్పుడు కోడలికో కూతురికో ఇస్తారు, ఒకసారి అందుకుంటే మధ్యలో వదలకూడదు. అందుకే నేను ఇంకా చేతులు చాపలేదు, భయం. డీజే గురించి మాత్రం మీరన్నదానికి డబుల్ ఓకే, అసలు ఆ పాటలు డీజేకి పుట్టినవే కాదు.

పాట్నా_పింఛనీ
ఉదయం 11:30

1991 నుంచి 95 దాకా పాట్నాలో బ్యాంకు ఉద్యోగం చేశాను. దీపావళి అయిన మర్నాటి నుంచే ఆ ఊరు వేరే ఊరైపోయేది. పిండిమరల వాళ్ళు మర కడిగి ఇక్కడ ఛఠ్ గోధుమలు మాత్రమే అని బోర్డు పెట్టేవాళ్ళు. రోడ్డు పక్కన మట్టిపొయ్యిలు వరసగా ఆరుతుండేవి, చేసేవాళ్ళలో చాలామంది ముస్లిం ఆడవాళ్ళు, ఆ పనున్నన్నాళ్ళూ నీసు ముట్టేవాళ్ళు కాదు, ఇప్పటికీ పాట్నాలో పొయ్యిలు వాళ్ళవే. మా ప్యూన్ ఒకసారి నా దగ్గరకొచ్చి చెయ్యి చాపి సార్, ఛఠ్‌కి ఏమైనా ఇవ్వండి అన్నాడు, జీతం చాలలేదేమో అని జేబులో ఉన్నదంతా తీస్తే ఒక్క రూపాయి చాలన్నాడు. మొక్కు ఉంటే అడుక్కుని చెయ్యాలట, ఉన్నవాళ్ళైనా సరే. ఇంకొంతమంది ఇంటి దగ్గర్నుంచి గంగ ఒడ్డు దాకా ప్రతి అడుగుకీ సాష్టాంగపడుతూ వెళ్ళేవాళ్ళు, దండ్ ఇవ్వడం అంటారు. మనం పొర్లుదండాలు పెట్టమూ, అలాగే.

పాటలంటే శారదా సిన్హా. 2024 నవంబర్ 5న ఆవిడ పోయారు, సరిగ్గా నహాయ్-ఖాయ్ రోజే. ఆ ఏడాది ఘాట్లలో ఆవిడ గొంతు మోగుతుంటే జనం ఎలా ఉండుంటారో నేను ఊహించుకోగలను. పద్మవిభూషణ్ పోయాక వచ్చింది.

మేదరోళ్ళ_పిల్లగాడు
మధ్యాహ్నం 1:12

వీడియోల్లో వాళ్ళు నీళ్ళల్ల నిలబడి చేతుల్ల పట్టుకునేది చేటనే కదా? వెదురు చేట, వెదురు గంప. మా తాత అల్లేటోడు గట్లాంటివే. వాళ్ళ దిక్కు ఎవరు అల్లుతరు అవి?

పాట్నా_పింఛనీ
మధ్యాహ్నం 1:50

చేటని సూప్ అంటారు, గంపని దౌరా అంటారు బాబూ. అల్లేది ఎక్కువగా డోమ్ కులం వాళ్ళు. కాశీలో కాటి పని చేసే కులం కూడా అదే. మిగతా రోజుల్లో ఆ కులం వాళ్ళని గడప తొక్కనివ్వని ఇళ్ళు నేను చూశాను, ఆ ఇళ్ళలోనే ఆ చేతుల్లోంచి వచ్చిన చేట లేకపోతే ఛఠ్ లేదు. దీన్ని సమానత్వం అని గొప్పగా చెప్పేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది సగం నిజమే అనిపించేది, చేటకి ఉన్న మర్యాద అల్లినవాడికి ఆ నాలుగు రోజులు దాటాక ఉండేది కాదు.

మేదరోళ్ళ_పిల్లగాడు
మధ్యాహ్నం 2:05

ఇక్కడ మాత్రం ఏముంది సార్. పెండ్లిల తలంబ్రాలకు మా గంప కావాలె, అన్నాలకు కూసునేటప్పుడు మేం ఆఖరి బంతిల. ఇప్పుడైతే ఇత్తడి చేటలు కూడా వచ్చినయంట, చూసిన ఆన్‌లైన్ల.

రైస్‌మిల్లు_రాజన్న
సాయంత్రం 6:45

అన్నలు, నా బాధ ఎవరికి చెప్పుకోవాలె. మాది పెద్దపల్లి తాన మిల్లు. మా హమాలీలందరు బీహారోళ్ళే. సరిగ్గ వానకాలం వడ్లు మిల్లుకు దిగే టైముకే ఈ పండుగ వస్తది, ఒక్కడు ఆగడు. డబుల్ కూలి ఇస్తనన్న, దండం పెట్టిన, అయ్యా అమ్మ ఛఠ్ చేస్తున్నది నేను గంప మోయాలె అంటడు. దానాపూర్ ఎక్స్‌ప్రెస్ జనరల్ డబ్బాల ఒంటికాలు మీద నిలబడి పోతరు, స్పెషల్ బండ్లు ఎన్ని ఏసినా అంతే. ఒకప్పుడు గుస్స అయ్యేటోన్ని. తర్వాత మనం సంక్రాంతికి, దసరాకు ఊర్లకు ఎట్ల ఉరుకుతమో యాదికొచ్చి సప్పుడు చేయకుంట అడ్వాన్సులిచ్చి పంపిస్తున్న.

పోలేనోళ్ళు ఉంటరు గద, ఆళ్ళు మా మిల్లు ఎనక కాల్వల చేసుకుంటరు. పట్నంల అయితే హుస్సేన్‌సాగర్ కాడ బతుకమ్మ ఘాట్‌ల చేస్తరు. మామూలోడన్నా, మీ గ్రూపుల ఆ బతుకమ్మ ముచ్చట తీసినాయనకు ఇది చెప్పు జర, బతుకమ్మలు ఏసిన నీళ్ళల్లనే ఆళ్ళు అర్ఘ్యం ఇస్తున్నరు, ఏం కొంప మునగలే.

అరసవల్లి_అబ్బాయి
రాత్రి 8:10

రాజన్న గారి కామెంటుకి వంద లైకులు. సూర్యుడి పండగ అంటే మా శ్రీకాకుళం వాళ్ళం మాట్లాడకపోతే ఎలాగ. మాకు రథసప్తమి, జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని తానం, పిడకల దాలిలో పాలు పొంగించి పరమాన్నం, చిక్కుడుకాయల్తో రథం. వాళ్ళదీ బెల్లం పరమాన్నం, మట్టిపొయ్యి, సప్తమి తెల్లారి సూర్యుడు. నెల వేరు గానీ తిథి కలిసింది చూడండి. మా గుడిలో మార్చిలోనూ అక్టోబర్లోనూ కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. బీహార్లో దేవ్ అని ఒక ఊరుందట, ఔరంగాబాద్ జిల్లా (ఎల్లోరా ఔరంగాబాద్ కాదు, ఇది వేరే), అక్కడ సూర్యుడి గుడి పడమటికి తిరిగుంటాది, ఛఠ్‌కి జనం ఇసకేస్తే రాలరు. కర్ణుడు ఏలిన అంగదేశం కూడా అటే కదా, భాగల్‌పూర్, ముంగేర్ వైపు. నీళ్ళలో నిలబడి సూర్యుణ్ణి కొలిచాడు, ఆయన్నుంచే ఛఠ్ వచ్చింది అని అక్కడి మాట.

చేగోడీ
రాత్రి 8:32

మరి ఛఠీ మైయా ఎవరు? సూర్యుడి పెళ్ళామా?

పంచాంగం_తాతయ్య
రాత్రి 9:00

చెల్లెలు అంటారు వాళ్ళు. పురాణాల్లో షష్ఠీదేవి, పిల్లల్ని కాపాడే తల్లి, ఆవిడకే దేవసేన అని పేరు. దేవసేన అంటే మన సుబ్రహ్మణ్యుడి భార్య. తమిళులు మురుగన్‌కి స్కందషష్ఠి చేసే రోజు ఏదో తెలుసా? ఇదే షష్ఠి. గంగ ఒడ్డున భార్యకి, తిరుచెందూరు సముద్రం ఒడ్డున భర్తకి, ఒకే సాయంత్రం. మనవాళ్ళు మాత్రం సుబ్రహ్మణ్య షష్ఠిని ఓ నెల ఆలస్యంగా మార్గశిరంలో చేసుకుంటారు.

లాజిక్_లచ్చన్న
రాత్రి 9:21

పిల్లలు అంటే మళ్ళీ మగపిల్లాడి కోసమే కదా, తెలిసిందేగా ఆ నార్త్ హిందీ బెల్ట్ సంగతి.

మిథిలా_కోడలు
రాత్రి 10:05

కొడుకు కోసం మొక్కేవాళ్ళు బోలెడుమంది, కాదనను. కానీ ఛఠ్ పాటల్లో గజ్జెల చప్పుడు చేస్తూ తిరిగే కూతురు కావాలని, చదువుకున్న అల్లుడు కావాలని అడిగే పాట కూడా ఉంది, పాతదే, ఎవరో ఇప్పుడు మార్చి రాసింది కాదు.

ఇంకోటి, హిందీ బెల్ట్ అనకండి నా ముందు, నిజంగా మంట. మా అత్తయ్యకి హిందీ టీవీ భాష. ఇంట్లో మైథిలి, దానికి తిర్హుతా అని సొంత లిపి ఉండేది, మా మామగారి తాత ఉత్తరాలు అందులోనే ఉన్నాయి, ఇప్పుడు చదివేవాళ్ళు లేరు. 2003లో మైథిలిని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో, అంటే గుర్తింపున్న భాషల జాబితాలో చేర్చారు. గంగ దాటితే మగహీ, పడమటికి వెళ్తే భోజ్‌పురి, దానికి అంతమంది మాట్లాడేవాళ్ళున్నా ఇప్పటికీ ఆ షెడ్యూల్లో చోటు లేదు. పండగ ఒకటే గానీ పాట ఏ భాషలో పాడుతున్నారో విని ఏ జిల్లా వాళ్ళో చెప్పేస్తారు. మా పక్కింటి పంజాబీ ఆవిడ పెళ్ళై ఇక్కడికొచ్చాకే ఛఠ్ చూసిందట, మీకెంత కొత్తో ఆవిడకీ అంతే కొత్త.

మా మిథిలలో ఛఠ్ అయిన రాత్రి నుంచి కార్తీక పున్నమి దాకా సామా-చకేవా ఆడతారు, మట్టితో పిట్టలు చేసి అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల కోసం పాడే ఆట. కృష్ణుడి కూతురు సామా మీద ఒకడు చాడీలు చెబితే పిట్టవైపో అని తండ్రే శపిస్తాడు, అన్న తపస్సు చేసి విడిపిస్తాడు. ఆ చాడీలు చెప్పినవాడు చుగ్లా, వాడికో మట్టిబొమ్మ, దానికి జనపనార మీసం, రోజూ ఆ మీసం అంటించి ఆడపిల్లలు పడీపడీ నవ్వుతారు. మా పాప వాళ్ళ స్కూల్లో ఒకణ్ణి తలుచుకుని కాలుస్తుంది.

చేగోడీ
రాత్రి 10:20

మామూలోడూ, మీ వాట్సాప్ గ్రూపుకి ఓ అరడజను చుగ్లా బొమ్మలు ఆర్డర్ పెట్టు.

అరసవల్లి_అబ్బాయి
రాత్రి 10:41

ఒక డౌటండీ. మీ పిల్లల పూల్ దగ్గర్నుంచి అసలు సూర్యుడు కనిపిస్తాడా?

మియాపూర్_మామూలోడు
24 అక్టోబర్, ఉదయం 6:50

పొద్దున్నే కిందకెళ్ళి చూశా. కనపడడు!! తూర్పున బి బ్లాక్, పడమరన పార్కింగ్ టవర్. రెండ్రోజులు కొట్టుకుచచ్చాం, ఇది ఒక్కడికీ తట్టలా, లెటర్ ఇచ్చినవాళ్ళకి కూడా.

మిథిలా_కోడలు
ఉదయం 7:30

టెర్రస్ ఇవ్వండి. గాలి నింపే ప్లాస్టిక్ టబ్బులు పిల్లలవి ఉంటాయిగా, రెండు కొని పంపునీళ్ళు నింపితే చాలు, మేమూ చాలా ఏళ్ళు అలాగే చేశాం. చేటలోవన్నీ మళ్ళీ ఇంటికి తెచ్చుకునేవే, నీళ్ళలో పడేది అర్ఘ్యం పాలు మాత్రమే. ఆ పాలు మీ పూల్ ఫిల్టర్‌కి నిజంగానే మంచివి కావు కాబట్టి ఫిల్టర్ అంకుల్ కూడా హ్యాపీ. ఒక్కటి, ఆ రెండు పూటలూ టెర్రస్ మీదకి చెప్పులతో ఎవర్నీ రానివ్వకండి.

మియాపూర్_మామూలోడు
28 అక్టోబర్, ఉదయం 9:35

అప్‌డేట్. టెర్రస్ ఓకే అయింది, మీటింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. బతుకమ్మ ముచ్చట తీసినాయనకి రాజన్న చెప్పింది చదివి వినిపించా, ఏమీ అనలేదు గానీ నిన్న సాయంత్రం లిఫ్ట్ నుంచి టెర్రస్ దాకా దౌరా మోసుకెళ్ళడానికి దారి ఇమ్మని అందర్నీ పక్కకి జరిపింది ఆయనే.

నిన్న సాయంత్రం అయిదున్నరకి వెళ్ళా. చెరుకు గడలు నాలుగైదు పైన కట్టి గుడారంలా నిలబెట్టారు, కింద మట్టి ఏనుగు, చుట్టూ దీపాలు, దాన్ని కోసీ అన్నారు, మొక్కు తీరినవాళ్ళు పెడతారట. చేటలో అరటి గెల, కొబ్బరికాయ, ఆకులతో సహా పీకిన పచ్చిపసుపు కొమ్మలు, అల్లం, ముల్లంగి, సింఘాడా, దబ్బకాయంత నిమ్మకాయ. ఆడవాళ్ళకి ముక్కు మీంచి పాపిట దాకా కాషాయం రంగు సిందూరం. సూర్యుడు సగం మబ్బులోనే మునిగాడు.

ఈ పొద్దున తుపాను మబ్బు. అయిదుకే అందరూ నీళ్ళలో నిలబడ్డారు, ఆరుంబావు అయింది, లేడు. ఎదురింటి పెద్దావిడ, అరవై పైనే ఉంటాయి, చేట ఎత్తిపట్టుకుని చేతులు వణుకుతున్నాయి, పాట మాత్రం ఆపలేదు. చల్లగాలికి నాకే వణుకొస్తోంది స్వెట్టర్‌లో. ఆరు ముప్పావుకి మబ్బు కాస్త తెల్లబడింది, అంతే, గుండ్రంగా ఏమీ కనపడలేదు, ఆవిడ కొడుకు అమ్మా వచ్చాడు అన్నాడు. ఆవిడ చూసి, నవ్వి, సరేలే అన్నట్టు తలూపింది. అందరూ పాలు పోశారు. లచ్చన్నా, నీ మాట గుర్తొచ్చి షుగర్ మెషిన్ పట్టుకెళ్ళా, చూపించనిచ్చింది గానీ ప్రసాదం తిన్నాకే.

లాజిక్_లచ్చన్న
ఉదయం 9:50

ఎంతుంది?

మియాపూర్_మామూలోడు
ఉదయం 9:52

ఠేకువా తిన్నాక చూస్తే ఎంతుంటుంది బ్రో, అడక్కు.

ఇప్పుడు అసలు సమస్య. ఓ పెద్ద స్టీల్ డబ్బా నిండా ఠేకువాలు ఇచ్చారు. మా ఆవిడ డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదంటోంది. ఏం పెట్టాలి? చిమ్మిలి శనివారమే అయిపోయింది.

మిథిలా_కోడలు
ఉదయం 10:10

అరిసెలు పెట్టండి, ఇంకేం ఆలోచించకండి. ఠేకువా అంటే గోధుమపిండి, బెల్లం, నెయ్యి కలిపి చెక్క అచ్చు మీద నొక్కి వేయించేది, వాళ్ళకి మన అరిసె నోట్లో పెట్టుకోగానే అర్థమైపోతుంది. మా అత్తయ్య మొదటిసారి తిని, ఠేకువాకి నువ్వులు ఎవరు చల్లారు అంది.

రైస్‌మిల్లు_రాజన్న
ఉదయం 10:26

అరిసెలకు మంచి బియ్యం చూసి తీస్కో అన్నా. అడ్రస్ పెట్టు, ఓ అయిదు కిలోలు నేనే పంపిస్త, హమాలీలు వచ్చేదాంక మిల్లుల నాకేం పని లేదు.